ఎత్తు కొలిచే కర్ర చెప్పనిది

అనాహైమ్‌లోని డిస్నీల్యాండ్‌కు మా ఇంటి నుంచి కారులో అరగంట. అందుకని ఇండియా నుంచి గానీ, టెక్సస్ నుంచి గానీ చిన్నపిల్లలతో చుట్టాలు ఎవరొచ్చినా పార్కు చూపించే పని నాదే. వచ్చేముందు ఫోన్ చేసి అందరూ అడిగేది ఒకటే. ‘అక్కా, మావాడు నలభై అంగుళాలు దాటాడు. ఏమేం ఎక్కించొచ్చు?’ గోడకు నిలబెట్టి, పెన్సిల్‌తో గీత గీసి, టేపు పెట్టి కొలిచి మరీ చెబుతారు. నేను తిరిగి ఓ ప్రశ్న వేస్తాను. ‘రాత్రి లైటు ఆర్పితే పడుకుంటాడా?’ అవతల కాసేపు మాట వినపడదు.

ఎత్తు లెక్కను నేను తీసిపారేయడం లేదు. స్పేస్ మౌంటెన్‌కు 40 అంగుళాలుండాలి, మాటర్‌హార్న్‌కు 42, ఇండియానా జోన్స్‌కు 46. రైడ్ గుమ్మం దగ్గరే కర్ర పట్టుకుని చూస్తారు, బతిమాలినా లాభం లేదు. బండి విసురుగా మలుపు తిరిగినా, ఉన్నట్టుండి కిందికి జారినా ఒడి మీది కడ్డీయో బెల్టో మనిషిని సీట్లోనే పట్టి ఉంచాలి. మరీ చిన్న ఒళ్లయితే ఆ పట్టు కింది నుంచి జారిపోతుంది. అందుకే ఆ నిబంధన. అడుగు మందంగా ఉన్న బూట్లు తొడిగి అర అంగుళం సంపాదించాలని చూసే తండ్రులతో నేను గట్టిగానే పోట్లాడతాను. అయితే ఆ కర్ర కొలిచేది ఒంటిని మాత్రమే. గుండె సంగతి దానికి పట్టదు. 

అసలు చిక్కు కర్ర లేని చోట వస్తుంది. ‘ఎత్తు నిబంధన లేదంటే పసిపిల్లలదేగా’ అనుకుని అమ్మానాన్నలు ధైర్యంగా క్యూలో నిలబడతారు. 1967 నుంచి నడుస్తున్న పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్‌కు ఎత్తు నిబంధన లేదు. చల్లగా పడవ కదులుతుంది, మిణుగురులు మెరుస్తుంటాయి, అంతలో చీకట్లో పడవ ధబాలున కిందికి జారుతుంది. తేరుకునేలోపు మరోసారి. ఆపైన అస్థిపంజరాలు. హాంటెడ్ మాన్షన్‌కూ కొలత లేదు. అక్కడ బండి ఎక్కకముందే ఓ గదిలో నిలబెట్టి తలుపు మూసేస్తారు, గోడలు పైకి సాగుతాయి, దీపాలు ఆరిపోతాయి. 

మిస్టర్ టోడ్స్ వైల్డ్ రైడ్ సంగతి వీటన్నిటికంటే విచిత్రం. బయటి నుంచి చూస్తే ముద్దొచ్చే పాతకాలం బొమ్మకారు. లోపల అది తలుపుల్ని గుద్దుకుంటూ పోయి, కోర్టులో దోషిగా నిలబడి, రైలు పట్టాల మీదికెక్కి, ఎదురొచ్చిన రైలును గుద్దుకుని, చివరికి నేరుగా నరకంలో తేలుతుంది. ఎర్రటి వెలుగు, కొమ్ములున్న బుల్లి దయ్యాలు, పైగా వేడి గాలి. గరుడ పురాణం విన్న మా అత్తగారు ఆ నరకం చూసి పడీపడీ నవ్వారు. మూడేళ్ల పిల్లకు ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

పార్కువాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. 1955లో పార్కుతోపాటే మొదలైన స్నో వైట్ రైడ్‌లో మంత్రగత్తెను చూసి పిల్లలు జడుసుకుంటుంటే, 1983లో దాని పేరులోనే ‘స్కేరీ’ అన్న మాట చేర్చారు. 2021లో కథ చివరను మార్చి, భయం తగ్గించి, ‘స్నో వైట్స్ ఎన్‌చాంటెడ్ విష్’ అని కొత్త పేరు పెట్టారు. అయినా అది చీకటి రైడే.

మన తరం అమ్మానాన్నలకు ఇది తట్టకపోవడానికి కారణం ఉంది. మనం ఎరిగిన రైడ్లన్నీ ఆరుబయటవి. తిరునాళ్లలో రంగులరాట్నం, నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్, కొలంబస్. ఎక్కేముందే మొత్తం కళ్లకు కనపడేది. ఎంత ఎత్తుకు పోతుందో, ఎంత జోరుగా తిరుగుతుందో కిందనే నిలబడి బేరీజు వేసుకునేవాళ్లం. కాబట్టి మన లెక్కలో భయమంటే ఎత్తు, వేగం. మూడు నాలుగేళ్ల పిల్లల్లో చాలామందిది వేరే లెక్క. తలుపు వెనక ఏముందో తెలియదు, ఎప్పుడు అయిపోతుందో తెలియదు, అమ్మ మొహం కనపడదు. నెమ్మదిగా పోయే పడవైనా సరే, ఏడుపు లంకించుకుంటారు.

అందుకే మొదటి రైడ్ బయటి నుంచి పూర్తిగా కనపడేదై ఉండాలన్నది నా పట్టుదల. తెల్లగుర్రాల రంగులరాట్నమైనా సరే, డంబో ఏనుగైనా సరే. పోయిన వేసవిలో మా తమ్ముడి కూతురు, నాలుగేళ్లది, డంబో కమ్మీ పట్టుకుని చాలాసేపు కదల్లేదు. ఏనుగుల్ని చూస్తోందనుకున్నాం. అది చూస్తున్నది పసుపు చొక్కా పిల్లాడిని. ఏనుగు కిందికి దిగి ఆగింది, వాడు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని బయటికొచ్చాడు. అప్పుడు నావైపు తిరిగి, ‘అత్తా, దింపేస్తారు’ అంది. ఇక ఎక్కడానికి అభ్యంతరం లేదు. ఏనుగును పైకి కిందికి ఆడించే మీట పిల్లల చేతికే ఇస్తారు. మొదటిసారి అది నేల వదలకుండానే తిరిగింది, రెండోసారి సగం దాకా లేపింది. అంత డబ్బు పోసి టికెట్ కొన్నది ఒకే ఏనుగు ఎక్కడానికా అని మా తమ్ముడి గొణుగుడు. నేను విననట్టే ఊరుకున్నాను.

పొద్దున్నే గేటు తెరవగానే అందరూ పరిగెత్తేది పీటర్ పాన్ ఫ్లైట్‌కి. క్యూ తొందరగా పెరుగుతుంది కాబట్టి ఆ పరుగులో అర్థముంది. పైన పట్టాకు వేలాడే చిన్న ఓడ, కింద లండన్ దీపాలు. చీకటే కానీ హాయైన చీకటి. లైటు ఆర్పితే పడుకునే పిల్లలైతే నేనూ అటే నడిపిస్తాను. లేదంటే ఆ క్యూ పోతే పోయిందనుకుంటాను.

పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైలు పెద్దవాళ్ల మోకాళ్లకూ, చంకలో పిల్లలున్నవాళ్లకూ మంచి ఆసరా. ఒక్క జాగ్రత్త. టుమారోలాండ్ స్టేషన్ దాటాక రైలు సొరంగంలోకి వెళ్తుంది. గ్రాండ్ కాన్యన్ బొమ్మలు అయ్యాక, ఉరుముల మధ్య తలలెత్తి చూసే డైనోసార్లు ఎదురవుతాయి. డైనోసార్ల పిచ్చి ఉన్నవాళ్లకు పండగే. మిగతావాళ్లను టుమారోలాండ్‌లోనే దింపేస్తాను. మధ్యాహ్నం ఎండకు ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవ. ఆ పాట సాయంత్రం దాకా చెవుల్ని వదలదు, అంతకుమించి నష్టం లేదు.

ఆ వేసవి ప్రయాణంలో తమ్ముడి పెద్దవాడికి ఐదేళ్లు, 41 అంగుళాలు. స్పేస్ మౌంటెన్‌కు కొలతలో నెగ్గాడు. లోపల రోలర్‌కోస్టర్ మొత్తం చీకట్లోనే పోతుందని క్యూలో ఎవరో అనగా విని నా చున్నీ పట్టుకున్నాడు. ‘మగపిల్లాడివి, భయమేంట్రా’ అని మా తమ్ముడు మొదలెట్టాడు. ‘ఒరేయ్, నువ్వు ఐదేళ్లప్పుడు జెయింట్ వీల్ కింద నేలమీద కూర్చుని ఏడ్చిన సంగతి చెప్పమంటావా?’ అన్నాను. మా మరదలు పక్కకు తిరిగి నవ్వుకుంది. 

ఇలాంటప్పుడు అక్కరకొచ్చేది రైడర్ స్విచ్. గుమ్మం దగ్గరి సిబ్బందితో ముందే చెబితే చాలు. పెద్దవాళ్లలో ఒకరు క్యూలో వెళ్లి ఎక్కి వస్తారు, రెండోవాళ్లు పిల్లలతో ఉంటారు. తర్వాత వాళ్ల వంతుకు ఆ పొడుగాటి క్యూలో మళ్లీ మొదటి నుంచీ నిలబడక్కర్లేదు. మొదట తమ్ముడు వెళ్లాడు, మా మరదలు చిన్నదానితో ఉండిపోయింది. నేను పెద్దవాడిని దగ్గర్లోనే ఉన్న ఆటోపియాకు తీసుకెళ్లాను. 32 అంగుళాలుంటే ఎక్కనిస్తారు, సొంతంగా నడపాలంటే 54 ఉండాలి. స్టీరింగ్ వాడి చేతిలో, పెడల్ నా కాలి కింద. దారి మధ్యలో పట్టా ఉంటుంది కాబట్టి ఎటు తిప్పినా కారు దారి తప్పదు. మొదటి మలుపు తిరిగేసరికే వాడు వెనక్కి ఆనుకుని దర్జాగా కూర్చున్నాడు.

‘అత్తా, ఇంకా గట్టిగా తొక్కు’ అన్నాడు.