పెన్సిలు రూపచిత్రమున ప్రతీక, భావము

పెన్సిలుతో గీసిన రూపచిత్రమునకు వర్ణముల సాయము లేదు. ఎరుపు క్రోధమునకు, నలుపు శోకమునకు సంకేతమని చెప్పి విమర్శకుడు తప్పించుకొనుట కిచట వీలు లేదు. ఉన్నవి రేఖయు, కాగితపు తెలుపును మాత్రమే. ఇట్టి చిత్రమున భావము నెచ్చట వెదకవలెను? ఈ ప్రశ్నను, ఆల్బెర్టో జకొమెట్టి 1954లో గీసిన హెన్రీ మతీస్ రూపచిత్రముల నాధారముగా గొని పరిశీలింప దలచితిమి.

మతీస్ రూపముతో నొక పతకమును రచింపుమని ఫ్రెంచి టంకశాల జకొమెట్టిని కోరెను. అందుకై ఆయన ఆ వేసవిలో నీస్ నగరమునకు పోయి, ఎనుబదినాలుగేండ్ల వృద్ధుని యెదుట కూర్చుండి పెక్కు చిత్రములు గీసెను. సెప్టెంబరులో మరల గీసెను. 1941 నాటి శస్త్రచికిత్స మొదలు మతీస్ చాలవరకు మంచమునకును, చక్రముల కుర్చీకిని పరిమితుడై యుండెను. 1954 నవంబరు 3వ తేదీన మరణించెను.

ఈ తేదీ తెలిసినవాడు ప్రతిరేఖయందును మృత్యువునే చూచును. విడిచిన తెలుపు శూన్యమునకు ప్రతీక యనును. స్థిరపడని గీత ఆరిపోవు ప్రాణమునకు ప్రతీక యనును. మేమును మొదట తేదీనే చదివితిమి గాని చిత్రమును చదువలేదు. జకొమెట్టి ఆరోగ్యవంతుల ముఖములను గీసినపుడును ఇట్లే గీతపై గీత గీసెను, చెరిపెను, మరల గీసెను. కావున రేఖాచాంచల్యమును మృత్యుప్రతీకగా జెప్పుట అతివ్యాప్తి దోషము.

మరి యీ చిత్రములకే చెందిన విశేష మేది? మతీస్ రేఖ ప్రసిద్ధము. అది తడబాటెరుగనట్లు ఒక్క విసురున సాగి రూపమును ముగించును. అట్టి రేఖకు స్వామియైన వాని ముఖమును జకొమెట్టి అట్టి రేఖతో గీయలేదు. తన వెదకులాటను దాచక, ఏ గీతయు తుదిమాట కాదన్నట్లు గీసెను. ఇందు తోచు భావము జాలి కాదు. ఎదుటివానిని ఒక నిర్ణయమునకు గుదింపజాలని గౌరవము.

రసము స్వశబ్దవాచ్యము కాదని ఆనందవర్ధనుని మతము. శోకమను మాట వాడినంత మాత్రమున కరుణము పుట్టదు. అట్లే తెలుపును శూన్యమనియు, గీతను ప్రాణమనియు పేరుపెట్టినంత మాత్రమున చిత్రభావము వ్యక్తము కాదు.

అయినచో చిత్రకారుల జీవితకథ నిష్ప్రయోజనమా? కాదు. అది విభావమును తెలుపును. అనుభావమును మాత్రము రేఖయే చూపవలెను. పరిశోధక విద్యార్థులు మొదట పేరును, తేదీని కప్పి, గీత యేమి చేయుచున్నదో వ్రాసికొందురు గాక. పిమ్మట వానిని విప్పి, రేఖ యొప్పుకొన్న దానినే నిలుపుకొందురు గాక. కవి మరణతేదీని ముందు చెప్పి పద్యమును పిదప చదివించు ఉపాధ్యాయులమైన మాకును ఈ నియమము వర్తించును.