తూటా ఎంపికలోనే నేర్పు

మహేశ్వరం వైపు మక్క, పల్లి చేలను రాత్రికి రాత్రే కుళ్లగించే అడవిపందిని అనుమతితో కాల్చే షూటర్ పనితనం గురి కంటే ముందు తూటా ఎంపికలోనే తెలిసిపోతుంది. ముదురు మగపందికి భుజాల మీద తోలు కింద గట్టి పొర డాలులా ఉంటుంది. .22 తూటా దాన్ని గాయపరిచి వదిలేస్తుంది. దెబ్బతిన్న పంది మనిషి మీదికే వస్తుంది. అలాగని ఎంత పెద్దదైతే అంత మేలనుకోవడానికీ లేదు. మన దగ్గర దొరికే .315 రైఫిల్‌లోని 8 మిల్లీమీటర్ల తూటా దగ్గరి దూరానికి చాలు. ఇంకాస్త దూరమైతే .30-06, అందులో 180 గ్రెయిన్ల (సుమారు 11.7 గ్రాములు) తూటా. ఏదైనా సాఫ్ట్ నోస్‌దే కావాలి: అది లోపల విచ్చుకుని బలమంతా అక్కడే ఖర్చు చేస్తుంది. పూర్తి లోహపు తొడుగున్నది ఒంట్లోంచి దూసుకుని ఎటో పోతుంది. పొలాల మధ్యే వెంచర్లు లేచిన ఈ శంషాబాద్ పక్క నేలలో ఆ ‘ఎటో’తోనే భయం. అందుకే పంది వెనక మట్టిగట్టు కనబడందే మంచి షూటర్ ట్రిగ్గర్ ముట్టడు.

చంపడంలో మెచ్చుకోవడానికేముందని అడగొచ్చు, న్యాయమే. కానీ చేను చుట్టూ చాటుగా పెట్టే కరెంటు తీగకు పందీ, పాలేరూ ఒకటే. 2021లో తెలంగాణ ప్రభుత్వం అడవిపందిని కాల్చడానికి అనుమతిచ్చే అధికారాన్ని సర్పంచులకు కూడా కల్పించింది. ఆ అనుమతి కాగితం వెనక ఇలాంటి లెక్క తెలిసిన చెయ్యి ఉండాలి.