పొట్టి వాల్వ్ దగ్గర పనితనం

బైకు చక్రానికి గాలి ఒత్తిడి సెన్సర్ బిగించడమంటే మూత తిప్పినంత పని అనుకుంటాం. వాల్వ్ కాడ పొట్టిదైతే అసలు పని అక్కడే మొదలవుతుంది. మరలు పూర్తిగా పట్టకముందే సెన్సర్ ఒళ్లు రిమ్ముకు తగులుతుంది. లోపలి పిన్ను నొక్కుకోదు, రీడింగు రాదు. సగం నొక్కుకుందా, గాలి సన్నగా కారిపోతుంది.

మా వీధి మేస్త్రి సెన్సర్ చేతికి తీసుకోగానే బిగించడు. ముందు చక్రం నెమ్మదిగా తిప్పి, వాల్వుకీ బ్రేక్ కాలిపర్‌కీ మధ్య సందు చూస్తాడు. చాలదనిపిస్తే టైరు అంచు విడదీసి, లోహపు వంపు వాల్వ్ వేస్తాడు. రిమ్ము రంధ్రం 8.3 మిల్లీమీటర్లా, 11.3 మిల్లీమీటర్లా అని కొలవకుండా మాత్రం వెయ్యడు. నట్టు బిగింపంతా మణికట్టు లెక్కే: వదులైతే గాలి పోతుంది, మరీ బిగిస్తే రబ్బరు వాషర్ తెగుతుంది.

లోహపు వాల్వే ఎందుకు? 10 గ్రాముల సెన్సర్, బండి 80 కిలోమీటర్ల వేగం అందుకునేసరికి, సుమారు కిలో బరువుతో బయటికి తోస్తుంది. ఆ తోపుడుకు రబ్బరు కాడ ఊగి ఊగి మొదలు దగ్గర బీటలు వారుతుంది. ఆ బీట మనకు కనిపించదు. అతని వేలికి తెలుస్తుంది!

చివర్లో సబ్బునీళ్లు పూసి, బుడగ లేదని చూశాకే చక్రం ఎక్కిస్తాడు. ఆ రెండు నిమిషాలు అతన్ని తొందరపెట్టకండి.