తెగిన పోగు

తాతముత్తాతలు కరీంనగరము, నల్లగొండ, పాలమూరు ప్రాంతముల నుండి నేతవిద్యను నమ్ముకొని వచ్చి, ఈ సోలాపురపు తూర్పు పేటలలో, సాఖర్ పేట, భద్రావతి పేట, అశోక్ చౌక్ పరిసరములలో స్థిరపడిన పద్మశాలీల బిడ్డలకు ఇంటిలో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ. ఈ మూడింటి నడుమ పెరుగు పిల్లలకు, సాంచాల (మరమగ్గముల) చప్పుడు వినబడు గదిలో, సాయంకాలమున గణితము చెప్పుట చిరకాలముగా నా వృత్తి.

మూడవ తరగతి చదువు ఒక బాలికను తీసికొనివచ్చిన తల్లి, “పిల్లకు లెక్కలు అస్సలు రావు సార్, ఎక్కాలు బట్టీ పట్టియ్యుండ్రి” అని వేడుకొనెను. నేను మరాఠీలో “పంచవీస్” అని పలికి వ్రాయుమనగా ఆ పిల్ల తడుముకొనక 52 అని వ్రాసెను. పూర్వమైనచో దానిని కొట్టివేసి, 25 అని పదిమార్లు వ్రాయించియుందును. అట్లు చేసిన దినములు తలపునకు వచ్చినపుడు ఇప్పటికిని మనస్సు కలుక్కుమనును. ఆనాడు మాత్రము “ఎందుకట్ల రాసినవ్ బిడ్డా?” అని అడిగితిని. “పంచ్ ముందొస్తది గద సార్!” అనెను.

ఆ తప్పునకు మూలము అజ్ఞానము కాదు, విన్నది విన్నట్లు వ్రాయు శ్రద్ధ. తెలుగు ఇరువదిని ముందు పలికి అయిదును వెనుక పలుకగా, మరాఠీ అయిదును ముందు పలుకును. ఈ చిక్కును తీర్చుటకే 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి, రెండవ తరగతి గణితములో పదులను ముందు పలుకు పద్ధతిని ప్రవేశపెట్టగా పెద్ద వాదోపవాదములు చెలరేగినవి.

ఆ తల్లి బీడీలు చుట్టును, కట్టకు 25. “నాలుగు కట్టలైతే వంద, నలభై కట్టలైతే వెయ్యి” అని ఆ పిల్ల చూచినంతనే చెప్పగలదు! మరునాడు పుల్లలను పదేసి చొప్పున దారముతో రెండు కట్టలు కట్టించి, అయిదింటిని విడిగా ఉంచి, రెండు భాషలలోను పలికించి, పిదప పలకపై వ్రాయించితిని. కొంతసేపు చూచి, “నోట్ల ముందొచ్చినా, పలక మీద వెనక్కే కూసుంటది సార్” అని తానే తేల్చుకొనెను.

మగ్గముపై పడుగు పోగు తెగినపుడు నేతరి నేత నాపి, తెగిన కొనలను వెదకి, ముడివేసి, పన్నెలో దాని సందుననే దూర్చును. అట్లు చేయనిచో, పేకను ఎంత దట్టముగా కొట్టినను, చద్దరు పొడవునను ఆ లోపము గీతవలె సాగుచుండును. చదువులోను అంతే, తెగిన చోటు ముందు తెలియవలెను. సవరలకు చదువు చెప్పబూనిన గిడుగు రామమూర్తి పంతులుగారు ముందు తామే సవరభాష నేర్చుకొని, పిదప ఆ భాషలో వాచకములు రచించిరి. శిష్యుని యొద్ద మొదట శిష్యుడగుట గురుత్వమునకు తొలిమెట్టని నా దృఢవిశ్వాసము.

ఇట్లు నిదానించుటచే పాఠములు వెనుకబడుచున్నవని తల్లిదండ్రులు కలత చెందుట సహజము. సాంచా కూలిలో మిగిల్చి వారు నాకు రుసుము నిత్తురు. ఆ ఋణము తీరుట పుటలు త్రిప్పుట వలన కాదు, బిడ్డ తెలివి ఎచట తెగినదో కనుగొనుట వలననే. అందుచే క్రొత్తగా వచ్చిన బిడ్డకు మొదటి సాయంకాలము నేనేమియు బోధింపను, అడుగుదును, విందును.

ఆ నెల చివర 25వ ఎక్కమును నేను చెప్పలేదు. కట్టలు లెక్కించినట్లే ఆ పిల్ల వేళ్లు మడుచుచు రెండువందల యేబది వరకు చెప్పుచుండగా, తీసికొనిపోవ వచ్చిన తల్లి గుమ్మముననే నిలిచి వినుచుండెను.