ముద్దలో మిగిలిన వెండి

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో నగ నాణ్యాన్ని తేల్చే పాత పద్ధతి గీటురాయి. నున్నటి నల్లరాతి మీద నగను గీసి, పక్కనే వన్నె తెలిసిన బంగారంతో ఇంకో గీత గీస్తారు. రెండింటి మీదా యాసిడ్ చుక్క పెడతారు. నైట్రిక్ ఆమ్లం రాగినీ వెండినీ కరిగిస్తుంది కానీ బంగారం జోలికి పోదు. అందుకే తక్కువ వన్నె గీత ముందుగా మాసిపోతుంది. 22 క్యారెట్ల వంటి పై వన్నెలకు ఆ ఆమ్లంలో కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలుపుతారు. నగకు జరిగే నష్టం ఆ గీతంతే. తక్కువ ఖర్చుతో చక్కగా పనిచేసే పరీక్ష ఇది.

అయితే గీత చెప్పేది పైపొర సంగతే. ఎక్స్‌రే యంత్రమూ చాలా లోతుకు పోదు. తగాదా వచ్చిన చోట నిప్పు పరీక్షే గతి. తూచిన చిన్న తునకకు వెండి చేర్చి, సీసపు రేకులో చుట్టి, ఎముకబూడిద గిన్నెలో పెట్టి కొలిమిలో కాలుస్తారు. సీసం ఆక్సైడుగా మారి, రాగిని వెంటబెట్టుకుని గిన్నెలోకి ఇంకిపోతుంది. మిగిలిన పూసను రేకుగా సాగగొట్టి నైట్రిక్ ఆమ్లంలో మరిగిస్తే వెండి కరిగి బంగారం ఒక్కటే నిలుస్తుంది. దాన్ని తూస్తే వన్నె తేలుతుంది. నగ మీది 916 ముద్ర అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారమని.

ఈ విద్య నేర పరిశోధనకు ఎలా పనికొస్తుందో ఒక కల్పిత కేసులో చూడవచ్చు. మైలవరంలో 40 గ్రాముల గొలుసు తెంపుకుపోయారు. తెగిన కొక్కెం ముక్క ఒకటి ఇంట్లోనే పడింది. నెల తర్వాత అనుమానితుడి దగ్గర 60 గ్రాముల బంగారు ముద్ద దొరికింది. కొక్కెంలో బంగారం 91.6 శాతం, వెండి 2, రాగి 6.4. ముద్దలో బంగారం 86.1 శాతం.

గొలుసులో బంగారం 36.64 గ్రాములు. దానికి 18 క్యారెట్ల నగ 20 గ్రాములు కలిపి కరిగిస్తే మరో 15 గ్రాములు చేరి మొత్తం 51.64 అవుతుంది. 60 గ్రాముల్లో అది దాదాపు 86.1 శాతం. లెక్క కుదిరింది కదా అని కేసు మూసేస్తే మాత్రం పొరపాటే. ఒక్క అంకె ఎన్ని కలయికలకైనా కుదురుతుంది.

గొలుసు అతుకుల్లో కేడీఎం, అంటే కాడ్మియం కలిసిన టంకం ఉంది, ముద్దలో కాడ్మియం లేదు. దీనివల్ల ఏమీ తేలదు. కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరవుతుంది, బంగారం కరగాలంటే 1064 కావాలి. మూసలోనే అది పొగై పోయి ఉంటుంది.

తేల్చేది వెండి. అది 2162 డిగ్రీల దాకా మరగదు కాబట్టి మూసలో నిలిచే ఉండాలి. వేరే లోహం కలిపితే వెండి శాతం తగ్గుతుంది, గ్రాములు తగ్గవు. గొలుసంతా అందులో ఉంటే ముద్దలో కనీసం 0.8 గ్రాముల వెండి కనిపించాలి. ముద్దను రెండు మూడు చోట్ల తొలిచి చూసినా 0.5 శాతమే, అంటే 0.3 గ్రాములే తేలింది. కొక్కేనిదీ గొలుసుదీ ఒకే బంగారమైతే, మధ్యలో ఎవరూ ఆమ్లంతో శుద్ధి చేసి ఉండకపోతే, ఆ ముద్దలో గొలుసు ఉన్నా 15 గ్రాములకు మించి ఉండే వీల్లేదు. నిపుణుడి నివేదికలో అంతవరకే రాయాలి. మిగతా కనీసం 25 గ్రాములు ఎక్కడున్నాయో పోలీసులు వెతకాలి.