ఒడ్డు ఎవరికి కనిపిస్తుంది?

మన భావకవిత్వంలో తీరమంటే చాలాచోట్ల ఏకాంతమే. కవి అక్కడికి ఒంటరిగా పోతాడు, కెరటాలను చూసి ప్రేయసిని తలుచుకుంటాడు, తిరిగి వస్తాడు. ఆ ఇసుక మీద వల ఆరబెట్టుకునే జాలరి అతని కంటబడినా దృశ్యంలో భాగంగానే పడతాడు. ఈ చూపు భావకవిత్వంతోనే పోయిందనుకోవడానికి వీలులేదు. హైదరాబాదు హైటెక్ సిటీలో ఇళ్ళమ్మే వ్యాపారి ప్రకటనల్లోకి అది భద్రంగా చేరింది.

సముద్రం లేని ఊళ్ళో తీరమేమిటని పాఠకులు అడగవచ్చు. దుర్గం చెరువు ఉంది కదా! ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్ళిచ్చిన చెరువు అది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక దాని చుట్టూ నగరం పెరిగింది. 2020లో దాని మీద తీగల వంతెన వచ్చింది. ఇవాళ ఆ ఒడ్డున, చెరువు కనిపించే కిటికీకి వేరే ధర. ఆ ఇంటికీ ఆ నీటికీ ఉన్న సంబంధం చూపు ఒక్కటే.

మన భాషకు ఒడ్డు సంగతి ఇంతకంటె బాగా తెలుసు. రేవు అంటే బట్టలుతికే చోటు, పడవెక్కే చోటు. పని లేనిదే రేవు లేదు. తెలంగాణలో శిఖం అనే మాట ఉంది. చెరువు నిండితే మునిగి, నీరు తీస్తే బయటపడే నేల అది. పట్టా ఎవరి పేరనైనా ఉండనీండి, నీరున్నప్పుడు అక్కడ బెస్తవాడు వల వేశాడు, నీరు తీశాక రైతు పైరు పెట్టాడు. అంటే ఒడ్డు గీత కాదు. వెడల్పు ఉన్న నేల, కాలాన్ని బట్టి చేతులు మారే నేల. సముద్రం దగ్గర ఆటుపోట్ల మధ్య నేల కూడా ఇటువంటిదే.

చట్టం ఈ వెడల్పును అంకెల్లోకి దించింది. సముద్రానికి, 1991 నోటిఫికేషన్ ప్రకారం, పోటు నీరెక్కే గీతనుంచి 500 మీటర్లు. పది హెక్టార్లకు తగ్గని చెరువుకు, 2012 నిబంధనల ప్రకారం, పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు. 2024 ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్ హాలును హైడ్రా కూల్చినప్పుడు, నేను చదివిన వార్తలన్నీ గీత ఎక్కడన్నదానిమీదే నడిచాయి. గీతకు లోపల ఒకప్పుడు ఎవరు బతికారో ఏ వార్తలోనూ కనిపించలేదు.

'మహాప్రస్థానం'లోని 'దేశచరిత్రలు' కట్టడాన్ని చూసినప్పుడు కూలీల సంగతి అడగమని నేర్పింది. అద్దాల మేడలను మన కవులు ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. ఒడ్డును అడగరు, అది ప్రకృతి అట! తెలంగాణలో చెరువంటే కట్ట, కట్టంటే మట్టి మోసిన తలలు.

ఇంకొక మాట. హైటెక్ సిటీ సరుకు కూడా సముద్రం మీదుగానే పోతుంది, ముంబై, చెన్నై తీరాల్లో నేలకెక్కే కేబుళ్ళ గుండా. ఆ తీరాల మీదా వలలు ఆరుతున్నాయి. ఈ మేడల్లో ఉద్యోగం చేస్తూ కవిత్వం రాస్తున్న యువకులున్నారు, మంచి కవులే. ఆ ఇసుక మీద వాళ్ళ పద్యం ఒక్కటీ నా కంటబడలేదు.