ఎద్దు చచ్చాక విచారణ

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకోవడం నాకో పిచ్చి. ఒకసారి అట్టలూడిన బొమ్మల పుస్తకం దొరికింది. ఫారసీ, లిథో అచ్చు. అమ్మేవాడు నా గడ్డం చూసి "మీ మతం కితాబే సాబ్, తీస్కోండి" అన్నాడు. నాకు ఫారసీ రాదు. ఉర్దూ కూడబలుక్కుంటాను. చదువంతా తెలుగే. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. పేజీ తిప్పితే రెండు పక్షులు పుల్ల పట్టుకుని ఎగురుతున్నాయి, మధ్యలో తాబేలు! 'మా' కితాబును నేను గుర్తుపట్టింది తెలుగు బడి చలవతో.

ఫారసీ తెలిసిన ఒక పెద్దాయన చదివి, అన్వారె సుహైలీ అన్నారు. 15వ శతాబ్దం చివర హెరాత్‌లో కాషిఫీ రాసింది. దాని వెనక 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా అరబ్బీ చేసిన కలీలా వ దిమ్నా. దాని వెనక పహ్లవీ, ఆ వెనక మన పంచతంత్రం. కరటక దమనకులే కలీలా, దిమ్నాలు.

సెక్యులర్ మిత్రులు ఇక్కడే ఆగి చప్పట్లు కొడతారు. నాకది చాలదు. దారిలో కథకేమైందో చూడాలి.

సంజీవకుడు అడవికి బయటినుంచి వచ్చిన ఎద్దు. సింహం దోస్తీ కడుతుంది. వాడు నీ మీద కుట్ర పన్నుతున్నాడని నక్క చెవిలో ఊదుతుంది. రుజువు అడిగే దిక్కు లేదు. ఎద్దు చస్తుంది, దమనకుడు మంత్రిగానే ఉంటాడు. చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రికలో మిత్రభేదం చదివిన మనకు తెలిసింది ఇంతే. అరబ్బీలో మరో అధ్యాయం ఉంది. ముఖఫ్ఫాయే చేర్చాడని పండితులు చాలామంది అంటారు. సింహం తల్లి నిలదీస్తుంది. దిమ్నాను కొలువులో విచారిస్తారు, సాక్షులొస్తారు, చావుశిక్ష పడుతుంది. ముఖఫ్ఫా ఇరానీ. ఇస్లాంలోకి వచ్చినా, విశ్వాసం మీద అనుమానాలు తప్పలేదు. చివరికి బస్రాలో అతన్నీ చంపేశారు. చెవిలో ఊదేవాళ్లని బోనెక్కించాలన్న పట్టుదల అతనికెందుకో నాకు అర్థమవుతుంది. ఎద్దు చచ్చాకే కొలువు తీరిందన్నదీ మర్చిపోలేను.

పాత వస్తువులు సేకరించే ఒకాయన ఈ మధ్య ఇంటికొచ్చాడు. తాబేలు పేజీ, సింహం పేజీ కోసిస్తే ఫ్రేము కట్టించుకుంటానన్నాడు. మంచి రేటే చెప్పాడు. విచారణ అధ్యాయం చూపించాను. నా ప్రతిలో అక్కడ బొమ్మల్లేవు. ఆ కాగితాలు తనకక్కర్లేదన్నాడు.